రాతిలోని ఖాళీ: అరకు ఊటల నుంచి గోదావరి గ్యాసు బావుల దాకా



ఈ సభలో చమురు బావుల దగ్గర పనిచేసినవారున్నారు. కొండ గ్రామాలకు మంచినీళ్ళు తెచ్చే పనిలో ఉన్నవారున్నారు. కాలేజీల్లో భూవిజ్ఞానం చెప్పేవారూ ఉన్నారు. మామూలుగా ఎవరి సదస్సులు వారివి. ఈసారి అందరూ ఒకే కప్పు కింద చేరారు కనుక, అందరికీ చెందిన మాటే చెప్పాలనుకున్నాను. కోనసీమ గ్యాసు బావికీ, అరకు కొండవాలులోని ఊటకూ ఆధారం ఒక్కటే. అది రేణువుకూ రేణువుకూ మధ్య మిగిలే ఖాళీ. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో, ఎలా పూడిపోయిందో చెప్పేది అవక్షేప శాస్త్రం. ఆ శాస్త్రాన్ని గ్యాసు కోసం ఎంతో శ్రద్ధగా వాడుకున్నాం. ఊట కోసం వాడలేదు. ఆ బాకీ తీర్చాలని కోరడానికే నిలబడ్డాను.

భూమి లోపలి చమురు అనగానే చీకటి గుహలో నల్లటి చెరువు చాలామంది కళ్ళ ముందు మెదులుతుంది. అలాంటి చెరువు ఎక్కడా లేదు. చమురైనా, గ్యాసైనా, బోరునీరైనా రాతి గింజల సందుల్లోనో, రాతి పగుళ్ళలోనో ఉంటాయి. ఒకే సైజు గుండ్రటి గింజల్ని వదులుగా పేరిస్తే దాదాపు 48 శాతం ఖాళీ మిగులుతుంది. ఎంత బిగువుగా పేర్చినా 26 శాతం ఉంటుంది. గింజ పెద్దదైనా చిన్నదైనా ఈ లెక్క మారదు. సైజులు కలగలిసినప్పుడే లెక్క తప్పుతుంది. గంపెడు నిమ్మకాయల మీద ఆవాలు గుమ్మరిస్తే సందులన్నీ నిండిపోతాయి కదా, ఇసుకలో బంకమట్టి కలిసినా అదే జరుగుతుంది. ఖాళీ ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు, ఒక ఖాళీ నుంచి మరో ఖాళీకి దారి ఉండాలి. బంకమట్టిలో ఖాళీ చాలా ఉంటుంది, దారులు మాత్రం నీటిచుక్క కదలలేనంత సన్నం. మొదటి గుణం సచ్ఛిద్రత, రెండోది పారగమ్యత. రిజర్వాయర్ మంచిచెడ్డలు ఈ రెంటి మీదే ఆధారపడతాయి.

పారగమ్యతను కొలిచే సూత్రం ఎక్కడ పుట్టిందో గుర్తు చేస్తాను. ఫ్రాన్సులోని దిజాన్ నగరానికి మంచినీటి వ్యవస్థ కట్టిన ఇంజనీరు హెన్రీ డార్సీ, గొట్టంలో ఇసుక నింపి నీరు పోసి, ప్రవాహాన్ని కొలిచి 1856లో ఫలితాలు ప్రచురించాడు. ఈనాడు చమురు కంపెనీలు తమ రాళ్ళను కొలిచే ప్రమాణం పేరు డార్సీయే. ఊరి మంచినీటి కోసం పుట్టిన శాస్త్రం చమురు పరిశ్రమకు ప్రాణాధారమైంది. అది మళ్ళీ మంచినీటి దగ్గరకు తిరిగి రావాలి.

ఇక ఈ కొండల సంగతి. మన చుట్టూ ఉన్న ఖోండలైట్ రాయికి ఈ కొండల్లో నివసించే ఖోండుల పేరు పెట్టినవాడు టి.ఎల్. వాకర్. కలహండి ప్రాంతాన్ని పరిశీలించి 1902లో ఆ పని చేశాడు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్, అక్కడక్కడ గ్రాఫైట్ పలుకులు, ఇవీ అందులోని ఖనిజాలు. ఇంత గట్టి రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. బొర్రా గుహల్లో మనం చూసే సున్నపు రాయి కూడా ఒకప్పటి అవక్షేపమే. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట అవి భూమి లోతుల్లోకి దిగి, 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికి, ఖాళీలన్నీ మూసుకుపోయి ఈ రూపానికి వచ్చాయి. గ్రాఫైట్‌లో చాలా భాగం ఆనాటి జీవపదార్థపు కార్బనే అని భూవిజ్ఞానులు భావిస్తారు. మట్టిలో కలిసిన జీవపదార్థం 60 నుంచి 150 డిగ్రీల మధ్య వేగితే చమురు, ఇంకా వేడెక్కితే గ్యాసు వస్తాయి. ఈ కొండల్లో వేడి ఆ హద్దులన్నీ దాటిపోయింది. చమురయ్యే అవకాశం ఉన్నది పెన్సిల్ ములుకు పదార్థంగా మిగిలింది. అరకులో చమురు ఎందుకు లేదని విద్యార్థి అడిగితే చెప్పాల్సిన జవాబు ఇది.

మూసుకుపోయిన ఆ ఖాళీని తిరిగి తెరిచింది వాన. గాలికొండ, రక్తకొండ వైపు ఘాట్ రోడ్డు కోసం తవ్విన గట్టు దగ్గర ఆగి చూడండి. పైన ఎర్రమట్టి. దాని కింద రంధ్రాలతో గరుకుగా ఉండే లాటరైట్, కొన్ని కొండల నెత్తిన బాక్సైట్. ఇంకా కింద తెల్లగా, ఊదాగా మెత్తబడిన రాయి. గోరుతో గీరితే పిండిలా రాలుతుంది. ఫెల్డ్‌స్పార్ చీకిపోయి మిగిలిన తెల్లమట్టి అది. అడుగున గార్నెట్ చుక్కలతో తాజా రాయి. వర్షాకాలం వెళ్ళిన తర్వాత చూస్తే పై పొరలు ఆరిపోయి ఉంటాయి, మెత్తటి తెల్లమట్టి మొదలయ్యే గీత వెంట మాత్రం తడి మెరుస్తూ ఉంటుంది. గీత కొండవాలును తాకిన చోట ఊట. ఊట దిగువన గెడ్డ. గెడ్డ పక్కన వరి మడి, మడికి ఎగువన ఊరు. మన్యంలో ఊళ్ళ ఉనికిని ఈ పొరలే నిర్ణయించాయి.

డెల్టాలో ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. కొండలో నీరు కిందికి దిగుతూ బంకమట్టి దగ్గర ఆగుతుంది. డెల్టా అడుగున చమురు, గ్యాసు నీటికన్నా తేలిక కనుక పైకి ఎక్కుతూ బంకమట్టి రాయి దగ్గర ఆగుతాయి. రెండు చోట్లా గింజ రాయి గిడ్డంగి, బంకమట్టి తలుపు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఆ తలుపు పేరు రాఘవాపురం షేల్. చమురు పుట్టిన రాళ్ళలో కూడా అది ముఖ్యమైనది. గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి ఇసుకరాయి అని ఈ పొరలకు మన ఊళ్ళ పేర్లు పెట్టినవాడు జియలాజికల్ సర్వేలో పనిచేసిన విలియం కింగ్. 1880లో వెలువడిన ఆయన గ్రంథం ఇప్పటికీ పునాదే. ఆ తిరుపతి మన ద్వారకా తిరుమల. ఆ మెట్టలో రైతుల బోర్లకు నీళ్ళిచ్చేది అదే ఇసుకరాయి. నూజివీడు ప్రాంతంలో నేల మీద కనబడే పొరల వయసు గల క్రిటేషియస్ ఇసుకరాళ్ళే, ఆగ్నేయంగా దిగి, లింగాల, కైకలూరు అడుగున చమురు, గ్యాసు దాచుకున్నాయి. పైన నీటి గిడ్డంగి, లోతున చమురు గిడ్డంగి.

సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు ఈ తీరం పగిలి కుంగింది. ఆ పల్లంలోకి కొండలు అరిగి చేరాయి. గింజ చేసిన ప్రయాణాన్ని బట్టి గిడ్డంగి గుణం మారింది. మండపేట ఇసుకరాయి ఆ చీలికకన్నా పాతది. లోతున నలిగి, ఖనిజాలు సందుల్లో గడ్డకట్టి బిగుసుకుపోయింది. గ్యాసు ఉన్నా, రాతిని పగలగొడితే గాని రాదు. 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రం మయోసీన్ నాటి వయసు తక్కువ ఇసుక. తీరం దగ్గర కెరటాలు కడిగి గింజల్ని వేరుచేశాయి కనుక చమురు ధారాళంగా వచ్చింది. 2002లో బయటపడిన కేజీ–డీ6 క్షేత్రపు గ్యాసు, సముద్రం అడుగున లోయల వెంట జారిపోయిన ఇసుక కాలువల్లో ఉంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది, మరుసటి ఏడాది శిఖరానికి చేరి ఆపైన వేగంగా పడిపోయింది. కారణాల మీద వాదాలు నడిచాయి, బావుల్లోకి నీరు, ఇసుక చొరబడ్డాయి. వంకర్లు తిరిగే ఇసుక కాలువలు ఒకదానితో ఒకటి ఎంతవరకు కలిశాయో తెలుసుకోవడం ఎంత కష్టమో దేశమంతటికీ అప్పుడు తెలిసింది.

గ్యాస్ హైడ్రేట్ల విషయంలోనూ అంతే. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక ఈ బేసిన్‌లో తవ్వినప్పుడు మంచులా గడ్డకట్టిన మీథేన్ దొరికింది. అది బంకమట్టి పగుళ్ళలో ఉంది, తీయడం కష్టం. 2015లో చిక్యూ నౌకలో వెళ్ళిన బృందం ఇసుక పొరల్ని వెతికి పట్టుకుంది. వెతకాల్సింది గ్యాసును కాదు, ఇసుకను అని ఆ పదేళ్ళ ప్రయాణం నేర్పింది.

ఈ విద్యలో మనకు మంచి వారసత్వం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. మహదేవన్, అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ 1950ల తొలి ఏళ్ళలో వాల్తేరు తీరపు ఇసుకను, ప్రవాహాలను, సముద్రపు అడుగును పరిశీలించారు. ఈ తీరం అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి లాఫాండ్ మహదేవన్ పేరే పెట్టాడు. ఒక ఆచార్యుణ్ణి గౌరవించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఉంటుందా?

ఆ వారసత్వాన్ని కొనసాగించే పని ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుండా దిగి, తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగి విశాఖకు తాగునీరిచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రా కింద పిడికెడు ఇసుక తీసి భూతద్దంలో చూస్తే పదును తగ్గని మొనలు, మట్టి, అన్ని సైజుల పలుకులు కలగలిసి ఉంటాయి. భీమిలి ఒడ్డున గింజలు దాదాపు ఒకే కొలత. నల్లటి ఇల్మనైట్, గులాబీ గార్నెట్ చారలుగా వేరుపడి ఉంటాయి. రిజర్వాయర్ ఎలా తయారవుతుందో ఒక్క రోజు ప్రయాణంలో చూపించగల నది ఇది. పక్కనే ఉన్న ఎర్రమట్టి దిబ్బలు కూడా ఈ కొండలు పంపిన ఇసుకే. జాతీయ భూవారసత్వ స్థలమది. దాన్ని చదును చేసే ఏ ప్రయత్నాన్నయినా మనం గట్టిగా ఎదిరించాలి.

నదిని ఆపితే ఇసుక కూడా ఆగుతుంది. గోదావరి 1970లలో ఏటా మోసుకొచ్చిన ఒండ్రు సగటున 15 కోట్ల టన్నులు. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఆనకట్టల వెనక మేట పెరిగి నీటి చోటు తగ్గుతోంది. దిగువన డెల్టా అంచు కోతకు గురవుతోంది. కొండవాలు మీద చెట్లు పోయినప్పుడు కొట్టుకొచ్చే మట్టి ఈ నష్టాన్ని మరింత పెంచుతుంది.

సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, మన్యంలోని ప్రతి ఊటకూ పటం గీయాలి. ఏ పొర దగ్గర పుడుతోంది, ఎంత మేర వానను పీల్చుకుంటోంది, నెలనెలా ఎంత పారుతోంది అన్నవి రాయాలి. ఏ గెడ్డ వైశాఖంలో కూడా ఎండదో ఊరి పెద్దలకు తెలుసు. వారిని సమాచారం ఇచ్చేవారిగా చూడకుండా సహ పరిశోధకులుగా రాయాలి. రెండు, లాటరైట్, బాక్సైట్ కప్పుల్ని లోహం టన్నుల్లో లెక్కగట్టే ముందు అవి పట్టి ఉంచే నీటిని లెక్కగట్టాలి. కప్పు తీసేశాక ఊటను తిరిగి నిలబెట్టే ఇంజనీరింగ్ ఏదీ నాకు కనబడలేదు. మూడు, తాటిపూడి, జలపుట్ వంటి జలాశయాల్లో మేటను క్రమం తప్పకుండా కొలిచి, ఫలితాలు తెలుగులో ప్రజల ముందుంచాలి.

కిలోమీటర్ల లోతున గుక్కెడు గ్యాసు దాక్కున్న ఇసుక పొరను కనిపెట్టగలిగిన మనకు, కళ్ళెదుట ఉన్న కొండ ఊట అర్థం కాదంటే నమ్మను. తెలివి ఉంది, పరికరాలు ఉన్నాయి. కావలసింది నిర్ణయం. గ్యాసు బావి దగ్గర నేర్చినవారు వచ్చే ఎండాకాలం ఒక కొండ ఊరి పని చేపట్టాలనీ, ఈ రెండు రోజుల్లో ఆ జట్లు ఏర్పడాలనీ అధ్యక్షుడిగా కోరుతూ, సమావేశాలు ప్రారంభమైనట్టు ప్రకటిస్తున్నాను.