సెల్‌ఫోను చదువు – కార్మికుని హక్కు

(సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించి, ప్రావిడెంటు ఫండు గురించి మనకంటే ముందు మాట్లాడిన సోదరులు వివరంగా చెప్పారు. మేము చదువు గురించి నాలుగు మాటలు చెప్పదలచాం. "ఈ వయసులో మాకు చదువేందన్నా" అని కొందరు నవ్వవచ్చు. నవ్వినా సరే, చివరిదాకా వినండి. ఈ చదువు ఇప్పుడు మన విశ్రాంతిలోకి వచ్చింది. రేపు మన పగారులోకి, ఉద్యోగంలోకి కూడా వస్తుంది.

సంగతి ఏమిటంటే, పాత సాంచాలు పోయి రేపియర్, ఎయిర్‌జెట్ మగ్గాలు వచ్చిన చోట యాజమాన్యాలు కార్మికుల ఫోన్లకు వీడియోలు పంపుతున్నాయి. "ఇంట్లో చూడండి, కింద ఉన్న ప్రశ్నలకు జవాబులు నొక్కండి" అంటున్నాయి. మన సభ్యులు పనిచేసే ఒక మిల్లులో మూడో పాళీ చేసి పొద్దున ఇల్లు చేరినవాడు నిద్ర మాని గంటసేపు వీడియో చూడాలి. చూడనివాని పేరు నోటీసు బోర్డు మీదికి ఎక్కుతుంది. ఫోను వానిది, రీచార్జి వానిది, నిద్ర వానిది. లాభం మాత్రం మిల్లుది! ఇక కాండీలు చుట్టే మన అక్కచెల్లెళ్ల ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ పిల్లల చేతిలో ఉంటుంది. వాళ్లు ఎప్పుడు చూడాలి?

దీనికి కోపం వచ్చి "ఈ ఫోను చదువే వద్దు" అనే సోదరులు ఉన్నారు. వారి కోపం న్యాయమే గానీ, ఆ మాట మనకు మేలు చేయదు. చదువును కాదంటే నష్టం మనదే. మనం కాదనవలసింది చదువు పేరిట జరిగే వెట్టిని.

ఫోను ఏది నేర్పగలదు, ఏది నేర్పలేదు? తెగిన పోగును రెండు వేళ్లతో క్షణంలో ముడి వేయడం ఏ వీడియో నేర్పదు. అది పక్క సాంచా మీద ఉన్న పెద్దమనిషి దగ్గర నిలబడి నేర్చుకోవలసిందే. వీడియోలో పోగు తెగితే మన చేతికి తెలియదు. కానీ షెడ్డులో గాలి తేమ తగ్గితే పడుగు ఎందుకు ఎక్కువ తెగుతుంది, కొత్త మగ్గం తెర మీద ఇంగ్లీషులో కనపడే అక్షరాలకు అర్థమేమిటి, లెక్క ఎలా కట్టాలి, ఇవి ఫోను బాగానే చెబుతుంది. అర్థం కాకపోతే పదిసార్లు వెనక్కి తిప్పి చూసినా అది విసుక్కోదు.

ఆ లెక్క ఎందుకంటారా? ఒక ఉదాహరణ చూడండి. సాంచా నిమిషానికి 180 పిక్కులు కొడుతుంది. 8 గంటలకు 480 నిమిషాలు. ఎక్కడా ఆగకపోతే 86,400 పిక్కులు. గుడ్డకు అంగుళానికి 50 పిక్కులైతే 1,728 అంగుళాలు, అంటే 48 గజాలు. దారం తెగి, కాండీ మార్చి, సాంచా నూటికి 75 వంతులే నడిచిందనుకుంటే 36 గజాలు. ఈ లెక్క వచ్చినవాణ్ణి "నువ్వు తక్కువ నేశావు" అని మేస్త్రీ గదమాయించలేడు. పిక్కు పెంచి రేటు పెంచకపోతే ఎంత మోసపోతున్నామో కాగితం మీద చూపగలం. చదువు అంటే మనకు మొదట ఇదే.

రెండోది, కాగితం. 1982 జనవరి 18న ముంబయిలో మొదలైన జౌళి సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. మన తెలుగువాళ్లూ అందులో ఉన్నారు. తర్వాత గిర్నీలు మూతపడి బయట పడినవారి చేతిలో ఇరవై ఏళ్ల పని ఉంది, ఆ పనికి రుజువు లేదు. కొత్త గేటు దగ్గర నిలబడితే "నీకేం వచ్చు?" అని మళ్లీ మొదటి నుంచి అడిగారు. ఈనాడు పవర్‌లూమ్ షెడ్డుల్లో హాజరు పట్టీలో పేరు కూడా లేని మన సోదరుల గతీ అదే.

కాబట్టి ఉన్న తలుపులేవో తెలుసుకుందాం. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ఇదివరకే పని వచ్చినవారిని పరీక్షించి ఆ నేర్పుకు సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి ఉంది. పదో తరగతి మధ్యలో ఆపినవారికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. వయసు ఎంతైనా చేరవచ్చు, 5 సబ్జెక్టులు 5 ఏళ్లలో విడివిడిగా రాయవచ్చు, తెలుగులో కూడా రాయవచ్చు. ఐటిఐ పుస్తకాలు, ప్రశ్నలు "భారత్ స్కిల్స్" అనే సర్కారీ చోట ఉచితంగా దొరుకుతాయి. డిప్లొమా చదివే మన పిల్లలకు ఐఐటిల ఎన్‌పిటెల్, 2017లో వచ్చిన "స్వయం" ఉన్నాయి. వాటిలో జౌళి పాఠాలు ఉన్నాయి. వినడం ఉచితం, సర్టిఫికెట్టు కావాలంటే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. డిగ్రీ కావాలనేవారికి హైదరాబాదులో 1982 నుంచి, నాసిక్‌లో 1989 నుంచి సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాం. "పదివేలు కట్టు, నెలలో సూపర్‌వైజరు ఉద్యోగం గ్యారంటీ" అని ఫోను చేసేవాళ్లు బయలుదేరారు. ముందు డబ్బు అడిగి, పరీక్ష లేకుండా సర్టిఫికెట్టు ఇస్తామనేవాని మాట నమ్మవద్దు. పైసా కట్టేముందు యూనియన్ ఆఫీసుకు వచ్చి అడగండి.

ఇక చట్టం సంగతి. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో మనకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి. అవి వేరే మాట్లాడుకుందాం. అయితే దాని 83వ సెక్షన్ తెలుసుకోవాలి. కార్మికుణ్ణి రిట్రెంచ్ చేస్తే, కొత్త పని నేర్చుకోవడానికని యజమాని 15 రోజుల చివరి వేతనం నిధికి కట్టాలి. అది 45 రోజుల్లో కార్మికుని ఖాతాలో పడాలి. ఇది నష్టపరిహారానికి అదనం. 15 రోజుల డబ్బుతో ఎయిర్‌జెట్ నేర్చుకుంటామా? నేర్చుకోలేం. అందుకే పని పోయాక కాదు, పని ఉండగానే నేర్పాలని మనం అడుగుతున్నాం. పని గంటలు, విశ్రాంతి వేళలు మార్చాలంటే 21 రోజుల నోటీసు ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతుంది. ఇంటికి పంపే వీడియో మన విశ్రాంతిని తినడం కాదా?

కనుక మన కోర్కెలు ఇవి:

1. మిల్లు పనికోసం చెప్పే పాఠం పాళీ లోపలే, పగారుతో జరగాలి. పాళీ తర్వాత ఉండమంటే ఓవర్‌టైము ఇవ్వాలి.

2. ఫోను, ఇంటర్నెట్టు ఖర్చు యాజమాన్యానిదే. మిల్లులోనే ఒక గది, ఒక కంప్యూటరు పెట్టాలి.

3. పాఠం మనకు అర్థమయ్యే భాషలో, తెలుగులోనూ మరాఠీలోనూ ఉండాలి.

4. సర్టిఫికెట్టు కార్మికుని చేతికి ఇవ్వాలి, ఆఫీసు బీరువాలో ఉంచరాదు.

5. కొత్త మగ్గం నేర్చినవానికి కొత్త గ్రేడు, కొత్త రేటు ఇవ్వాలి. ముందు నేర్పకుండా ఎవరినీ తీసివేయరాదు.

యాజమాన్యాన్ని అడిగి ఊరుకోం, మన వంతు మనమూ చేద్దాం. ఆదివారం సాయంత్రం యూనియన్ ఆఫీసులో అందరం కూర్చుందాం. పెద్దలు తెలుగు చదువుతారు, పిల్లలు మరాఠీ, ఇంగ్లీషు చదువుతారు. పిల్లలు తెర మీద ఉన్నది చదివి చెప్పాలి, పెద్దలు ఆ మాటకు మగ్గం మీద అర్థం చూపాలి. ఒక్క ఫోను ముందు పదిమంది కూర్చున్నా పాఠం పాఠమే. అక్కచెల్లెళ్లు తప్పక రావాలి, వారికి వీలైన వేళే పెట్టుకుందాం.

మన తాతలు తెలంగాణ పల్లెల నుంచి నాడె చేతపట్టుకుని ఈ షోలాపురానికి వచ్చారు. చేతిమగ్గం నుంచి సాంచాకు మారారు. పని మారినప్పుడల్లా నేర్చుకున్నారు. మనకు నేర్చుకోవడం కొత్త కాదు. కానీ నేర్చుకున్నదాని ఫలం మన ఇంటికి రావాలంటే ఒక్కొక్కరుగా ఫోను నొక్కితే రాదు, అందరం కలిసి అడిగితేనే వస్తుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!