జనగణనము – ఇంటిగుట్టు

(ఒక పట్టణ పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ఉపన్యాసము)



వయస్సు, ధనము, ఇంటిగుట్టు – వీనిని పరులకు తెలుపరాదని మన పెద్దలు చెప్పిరి. జనాభా లెక్కలకై వచ్చు గణకుడు గడపలో నిలిచి మొదటి ప్రశ్నలలోనే అడుగునది ఆ వయస్సు. పిమ్మట చదువు, వృత్తి, వివాహము, పుట్టిన చోటు. పెద్దల మాటకును, ప్రభుత్వమువారి ప్రశ్నకును గల యీ విరోధమును తీర్చుటకై శాసనకర్తలు మనకొక వాగ్దానము చేసియున్నారు: నీవు చెప్పిన మాట మా యొద్దనే యుండును, బయటకు పోదు. ఆ వాగ్దానము నిలుచుచున్నదా, లేదా యని పరీక్షించు టెట్లు? ఇదియే నేటి మా ప్రసంగము.

మేము న్యాయవాదులము గనుక ముందు శాసనమును చూతము. 1948వ సంవత్సరపు సెన్సస్ చట్టములో 15వ సెక్షను చిన్నదే గాని గట్టిది. గణకుడు వ్రాసిన పుస్తకమును చూచు హక్కు ఎవరికిని లేదు. అందలి వ్రాత ఏ సివిలు వ్యాజ్యమునందును సాక్ష్యముగా చెల్లదు. క్రిమినలు వ్యవహారములలో సైతము, ఆ గణనకు సంబంధించిన నేరములకు దక్క, పనికిరాదు. "మా దాయాది లెక్కలవారితో ఏమి చెప్పినాడో ఆ కాగితము తెప్పించండి" అని కక్షిదారులు మమ్ము బ్రతిమాలిన దినములు కలవు. ఆ కాగితము రాదు, రాకూడదు. 8వ సెక్షనులో మరియొక ముచ్చటయైన మినహాయింపు గలదు. ఇంటిలోని స్త్రీల పేర్లు చెప్పుమని ఎవరిని గాని, ఆచారము ఒప్పనిచో భర్త పేరు చెప్పుమని స్త్రీని గాని నిర్బంధింపరాదు. అవ్వ "మా యింటాయన" అని ఊరకుండినచో చట్టమును ఊరకుండును.

పుస్తకమునకు తాళము పడినది. మంచిదే. కాని ఆ పుస్తకమునుండి తీసిన పట్టికలు అచ్చై అంగడి వాకిట నున్నవి గదా! పట్టికలో పేరు లేదు, ఇంటి నంబరు లేదు. దానివలన ఎవరికేమి హాని యని మనము తలంచుచుంటిమి. పేరు లేకున్నంత మాత్రమున మనిషి దాగునా?

ఒక చిన్న లెక్క వేయుదము. ఒక సందులో పురుషులు ముగ్గురే యున్నా రనుకొనుడు. వారి సగటు వయస్సు 44. వయస్సు క్రమమున నిలువబెట్టిన నడుమనున్నవాని యీడు 30. భార్యతో నున్నవా రిద్దరు. ఆ యిద్దరి సగటు 26. అక్షరాస్యు లిద్దరు, వారి సగటు 51. ఈ నాలుగు మాటలలో ఏ యొక్కటియు ఎవరి గుట్టును చెప్పలేదు. ఇప్పుడు కలిపి చూడుడు. ముగ్గురి మొత్తము 132. భార్యతో నున్న యిద్దరి మొత్తము 52. తీసివేయగా మిగిలినవాడు 80 ఏండ్ల ముసలివాడు. నడుమవాడు 30 అయినపుడు చిన్నవాడు 22. అక్షరాస్యుల మొత్తము 102, అనగా 22ను 80యును. కాబట్టి చదువు రానివాడు ఆ ముప్పదియేండ్లవాడే. అతడు పటములు చూచి వార్తలు గ్రహించుచు, సంతకము మాత్రము నేర్చుకొని, తన కక్షరము రాదను సంగతిని అంగడిలో ఇన్నాళ్లు దాచియుండవచ్చును. ఇరుగుపొరుగువారి కందరి యీడును తెలిసినదే. నాలుగవ తరగతి బాలుని కూడికలు, తీసివేతలు ఆ గుట్టును విప్పినవి.

ముగ్గురున్న సందులో చేతితో చేయగల పనిని దేశమంతటను యంత్రము చేయగలదు. ఈ సంగతిని అమెరికా జనగణన శాఖవారు తమమీదనే ప్రయోగించుకొని తెలిసికొనిరి. వారి చరిత్ర కొంత చెప్పనిదే ఆ పరీక్ష విలువ తెలియదు.

ఆ దేశమునను రహస్యరక్షణకు కఠినమైన చట్టము గలదు. అయినను 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుని ఉత్తరువుపై జపానుజాతివారిని, అందు అత్యధికులు ఆ దేశ పౌరులే, ఇండ్లు వాకిళ్లు విడిపించి శిబిరములకు తోలినపుడు, సుమారు 1,20,000 మందిని వెదకుటకు 1940 నాటి లెక్కల పట్టికలు త్రోవ చూపినవి. ఏ వీధిలో ఎందరను అంకెయే చాలినది. ఆ మార్చినెలలోనే యుద్ధాధికార శాసన మొకటి రహస్యరక్షణను సడలించినది. 1943లో వాషింగ్టను ప్రాంతమున కొందరి పేర్లును ఇయ్యబడినట్లు 2007లో పరిశోధకులు వెలికిదీసిరి. గణనశాఖాధిపతి 2000వ సంవత్సరమున క్షమాపణ చెప్పెను. క్షమాపణ మంచిదే, కాని అప్పటికి యేబదియెనిమిది సంవత్సరములు గడచినవి.

ఇక పరీక్ష మాట. 2010వ సంవత్సరపు లెక్కలలో ఆ దేశ జనసంఖ్య 30,87,45,538. గుట్టు కాపాడుటకు శాఖవారు కొన్ని యిండ్ల వివరములను ఒక తావునుండి మరియొక తావునకు తారుమారు చేసి పట్టికలు ప్రకటించిరి. ఇది చాలునని విశ్వసించిరి. తరువాత తమ గణితజ్ఞులనే శత్రువులుగా నిలిపి, "ప్రకటించిన పట్టికలు తప్ప వేరేమియు లేకుండ మూలపుస్తకమును తిరిగి వ్రాయుడు" అనిరి. వారు వ్రాసినదానిని మూలముతో పోల్చగా, నూటికి 46 మంది విషయమున నివాసపు పేట, లింగము, వయస్సు, జాతి అన్నియు సరిపోయినవి. వయస్సులో ఒక్క యేడు తేడాను మన్నించినచో నూటికి 71. అంతట, వ్యాపారులు అమ్ముకొను పేర్ల జాబితాలతో జతపరుపగా, 5 కోట్ల 20 లక్షల మందికి, అనగా నూటికి 17 మందికి, పేరుతో సహా సరియైన గుర్తింపు దొరకినది.

దీనిని ఒప్పుకొననివారును కలరు. ఎదుటిపక్షపు వాదమును దాచుట మా వృత్తికి తగదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు జనసంఖ్యా శాస్త్రజ్ఞులు, "పెద్ద పేటలో ఏ వయస్సు చెప్పినను అట్టివా డొకడు దొరకును, ఇందు చాల భాగము కాకతాళీయము" అనిరి. ఈ మాటలో బలమున్నది. దానికి శాఖవారి పక్షమున 2023లో వచ్చిన సమాధానము మాకింకను బలవత్తరముగా తోచినది. 34 పట్టికలతోనే, నూటికి 70 పేటలలో, 9 కోట్ల 70 లక్షల మంది వివరములు తప్పులేకుండ వచ్చినవని మూలముతో పనిలేకయే రుజువు చేయవచ్చుననియు, ఆ పేటలలో ఇరుగుపొరుగుకంటె వేరు జాతివారై ఒంటరిగా నున్న 34 లక్షల మంది జాతిని నూటికి 95 పాళ్లు సరిగా చెప్పవచ్చుననియు తేల్చిరి. గుంపులో నున్నవానికి గుంపే మరుగు. ఒంటరివానికి మరుగేది? 1942లో వెదకబడినవారు అట్టివారే గదా!

ఈ పరీక్షాఫలమును జూచి 2020 లెక్కలలో "డిఫరెన్షియల్ ప్రైవసీ" అను పద్ధతిని చేపట్టిరి. రాష్ట్రముల మొత్తము జనసంఖ్యను కదలింపక, చిన్న తావుల అంకెలలో ఒక గణిత నియమము ప్రకారము కొంచెము హెచ్చుతగ్గులు కలుపుదురు. ఎంత కలిపినదియు బహిరంగముగా చెప్పుదురు. దీనివలన నష్టము లేదా? ఉన్నది. పెద్దలు లేని పిల్లలు మాత్రమే నివసించు పేటలు పట్టికలలో పుట్టినవి! చిన్న చిన్న ఆదిమజాతులవారు మా అంకెలు చెడునని ఆందోళన పడిరి. అలబామా రాష్ట్రము 2021లో వ్యాజ్యము వేయగా ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సంవత్సరమే దాని కోరికను నిరాకరించినది. అంకె నిక్కచ్చిగా నుండవలెను, గుట్టు నిక్కచ్చిగా నుండవలెను – రెండును పూర్తిగా దొరకవు. ఎంత యిచ్చి ఎంత పుచ్చుకొందుమో ప్రజల యెదుట తేల్చుకొనవలసినదే.

మన దేశమునకు వత్తము. 2011 లెక్కలలో గ్రామములు 6,40,000కు పైబడినవి. ప్రతి గ్రామమునకును స్త్రీ పురుషుల సంఖ్య, ఆరేండ్లలోపు పిల్లలు, షెడ్యూల్డు కులములు, తెగలు, అక్షరాస్యులు, సేద్యగాండ్రు, వ్యవసాయకూలీలు – ఇవి ప్రకటింపబడినవి. ఇవి లేనిదే బడి యెక్కడ కావలెనో, బావి యెక్కడ త్రవ్వవలెనో తెలియదు; వీనిని మూసివేయుమని మేము చెప్పము. కాని మన్యములో రెండు మూడు గుడిసెల పల్లెకు పట్టిక వ్రాసిన, అది పట్టిక కాదు, ఆ గుడిసెల కథయే. 2025 జూన్ 16వ తేదీ ప్రకటనలో దేశములో చాల భాగమునకు 2027 మార్చి 1 ఆధారదినముగా నిర్ణయించిరి. ఈ గణనలో కులమును అడుగుదురు. వివరములు కాగితముపై గాక యంత్రములలో నెక్కును. ప్రశ్న పెరిగినకొలది పట్టికలు పెరుగును. పట్టికలు పెరిగినకొలది, ఇందాక మనము చేసిన కూడికలు సుకర మగును. 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు వ్యక్తిగోప్యత ప్రాథమిక హక్కని యేకకంఠముతో చెప్పియున్నారు. 15వ సెక్షను పుస్తకమును కాచును. పట్టికను కాచు సెక్షను వ్రాయబడినపుడు ఇట్టి గణితము లేదు.

గ్రంథాలయ సేవకులముగా మేము ఇంటింటికి తిరిగిన కాలమున ఒక నేతకాని యింట, "ఎందరు చదివినవారు?" అని యడిగితిమి. ఆయన మగ్గము ఆపి, "వ్రాసుకొన్నది ఎవరికి చూపిస్తారు బాబూ?" అనెను. "ఎవరికిని చూపము" అంటిమి. ఆయన నమ్మి చెప్పెను. ఆ మాట అనుటకు మాకేమి ఆధారముండెనో నేటికిని సిగ్గుతో తలంచుచుందుము.

కావున సభవారి యెదుట నొక తీర్మానము నుంచుచున్నాము. గ్రామ, వార్డు పట్టికలను ప్రకటించుటకు ముందు సెన్సస్ కమిషనరుగారు బయటి గణితజ్ఞులచేత వానిని ఛేదింపజేసి చూడవలెను. ఎందరు బయటపడిరో ఆ సంఖ్యను పట్టికలతోపాటు అచ్చువేయవలెను. రెండు మూడు కుటుంబముల పల్లెలను పొరుగు పల్లెతో కలిపి చూపవలెను. తీర్మానపు ప్రతి అధ్యక్షులవారి బల్లపై నున్నది. సంతకము చేయదలచినవారు వయస్సు వ్రాయనక్కరలేదు.