పగిలిన మడమలు: చర్మమునకు చెమ్మ నిలుపు విధము



గ్రంథాలయపు గుమ్మము కడ చెప్పులు విడిచి లోనికి వచ్చువారి పాదములను గమనించినచో ఆ గ్రామపు వృత్తులు చాలవరకు తెలిసిపోవును. నాగటిచాలు వెంట నడచినవాని మడమ ఒక తీరు, గుంటమగ్గము కడ కూర్చుండు నేతగాని మడమ వేరొక తీరు. పగుళ్ళు మాత్రము అందరికిని కలవు. మడమ పగిలినదని వైద్యుని కడకు పోవువారు అరుదు. దానిని రోగముగా నెవరును లెక్కింపరు. చర్మసంరక్షణమును గూర్చిన ఈ ఉపన్యాసము ముఖము నుండి గాక మడమ నుండి మొదలగుటకు కారణ మిదియే.

చర్మమున మిక్కిలి పైనున్న పొర మృతకణములతో నేర్పడినది. అరచేతను, అరికాలను తప్ప మిగిలిన తావుల నది కాగితము కన్నను పలుచన. ఇటుకల నడుమ అడుసు వలె కణముల నడుమ క్రొవ్వు నిండియుండును. కణముల లోపల నీటిని పట్టియుంచు పదార్థములు కొన్ని కలవు. ఒంటిలోని నీరు గాలిలోనికి పోకుండను, బయటి క్రిములు లోనికి చొరకుండను కాచునది ఈ పలుచని పొరయే. అందలి నీరు తగ్గెనా, ఎండిన తాటాకును వంచినట్లు చిట్లును. అరికాలి కింకొక చిక్కు కలదు. అచ్చట స్వేదగ్రంథులే గాని తైలగ్రంథులు లేవు. చెమట ఆగిననాడు ఆ చర్మమును తడుపునది వేరొకటి లేదు.

చలికాలపు గాలిలో తేమ తక్కువ. కావున పుష్యమాసమున కాళ్ళు బూడిద పూసినట్లు తెల్లబారును. మరుగు నీళ్ళ స్నానమును, మాటిమాటికి సబ్బు రుద్దుటయు ఆ చేటును పెంచును. చర్మము సహజముగా కొంచెము ఆమ్లగుణము కలది. సాధారణపు సబ్బు క్షారగుణము కలది. అది మురికితో పాటు కణముల నడిమి క్రొవ్వును గూడ కొంత కడిగివేయును. కడవెడు నీళ్ళు త్రాగినచో చర్మము నిగనిగలాడునని పలువురి నమ్మకము. వేసవిలో ఎండన పనిచేయువారు నీరు బాగుగ త్రాగవలసినదే, అది ప్రాణరక్షణము. కాని చాలినంత నీరు త్రాగుచున్నవాడు మరి రెండు చెంబులు త్రాగినంత మాత్రమున మడమ పగులు పూడదు. పైపొర ఎండుట పైనుండి. దాని చికిత్సయు పైనుండియే.

నూనె విషయమున పెద్ద పొరపా టొకటి కలదు. నూనె చర్మమునకు నీటి నీయదు. ఉన్న నీటిని పోనీయక కప్పియుంచును. కనుక ఎండిన కాలికి నూనె రాచుట కంటె తడిసిన కాలికి రాచుట మేలు. పండుగనాటి అభ్యంగనమున నూనె ముందును, సున్నిపిండి వెనుకను వచ్చును. అది మురికి వదలుటకు మంచి పద్ధతియే. చెమ్మ నిలువవలె నన్నచో మాత్రము స్నానము ముగిసి, ఒళ్ళు అద్దుకొని, తడి పూర్తిగా ఆరకమునుపే కొబ్బరినూనెయో వాసెలీనో పలుచగా పూయవలెను. విలువగల సీసాలు కొననక్కరలేదు. ఒంటిని తెల్లచేయునని అంగళ్ళలో నమ్ము కొన్ని లేపనములలో స్టెరాయిడ్లు కలిసియుండి చర్మమును పలుచబరచును. అట్టివానికి దూరముగ నుండుటయే మేలు.

నీరెక్కువైనను చెరుపే. నాట్ల దినములలో ప్రొద్దుగ్రుంకువరకు బురదలో నిలిచిన స్త్రీల వ్రేళ్ళసందులు నాని, తెల్లబడి, ఒరిసి పుండ్లగును. అట్టి చోట నూనె రాయరాదు. కడిగి, పొడిగుడ్డతో వ్రేలు వ్రేలును తుడిచి ఆరనీయవలెను.

ఇంతవరకు చెప్పినది నొప్పి తెలిసిన కాళ్ళ సంగతి. నొప్పి తెలియని కాళ్ళు కలవు. పల్లెలలో పేరు పలుకుటకు జంకి ‘పెద్దరోగ’మనెడి కుష్ఠువ్యాధి నరములను చెరచును. స్పర్శ పోవును, చెమటయు నాగిపోవును. పాదము ఎండి పగులును, పగిలినను బాధ తెలియదు. రోగి ఆ పగులుతోనే మైళ్ళు నడచును. మట్టి చేరి, చీము పట్టి, పుండు ఎముక దాక పోవును. వ్రేళ్ళు వ్యాధి వలననే కుళ్ళి రాలునని లోకము తలచుచుండెను. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ రోగులను ఓపికగా పరిశీలించి, ఆ నష్టములో అధికభాగము నొప్పి తెలియక తగిలిన గాయముల వలన కలిగినదేయని చూపెను. అనగా ఆ నష్టము చాలవరకు ఆపదగినది.

ఆపు విధము వింతగా సులభమైనది. దినమున కొకసారి చల్లని నీళ్ళలో పాదములను ఇరువది నిమిషములు నాననిచ్చి, గట్టిపడిన అంచులను గరుకురాతితో మెల్లగా రుద్ది, తుడిచీ తుడవకయే నూనె పూయవలెను. పిదప మెత్తని రబ్బరు అట్టగల చెప్పులు తొడుగవలెను. పుండు పడిన పాదమును గూర్చి ముందు వైద్యుని అడుగవలెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళౌషధ చికిత్స ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ లభించును. ఆరు మాసములు గాని సంవత్సరము గాని మందు మ్రింగినచో వ్యాధి నయమగును. కాని చాలకాలము చెడియున్న నరమునకు ఆ మందు స్పర్శను తిరిగి తేలేదు. వ్యాధి నయమైనవాడు సయితము నూనెగిన్నెను జీవితాంతము విడువరాదు. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఒంటిపై కనుపించినవాడు సిగ్గుపడి దాచినచో, నరము చెడుటకు తానే గడువిచ్చిన వాడగును. కుష్ఠును విడాకులకు కారణముగ చూపు వీలును 2019లో భారతదేశపు చట్టము తొలగించినది. ఇరుగుపొరుగు వారి జంకు మాత్రము చట్టముతో తొలగునది కాదు.

మధుమేహ రోగుల పాదములకును ఇదే గతి పట్టవచ్చును. వారు మాత్రము కాళ్ళను చాలసేపు నానబెట్టరాదు. పగుళ్ళను బ్లేడుతో కోయరాదు. వేడినీళ్ళ కాపడము అసలే కూడదు. స్పర్శ లేని కాలు బొబ్బలెక్కువరకు వేడి తెలియదు. కడిగి, తుడిచి, వ్రేళ్ళసందులు విడిచి తక్కిన పాదమునకు నూనె పూసిన చాలును. ప్రతి సాయంకాలము దీపము కడ కూర్చుండి అరికాలిని చూచుకొనవలెను. వంగి చూడలేని వృద్ధులు నేలపై అద్దముంచి చూడవచ్చును. చూపు మందగించినవారికి ఇంటిలోని పిల్లలు చూచి చెప్పవలెను.