అలంకారం మాటున ఆదేశం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో బోధనోపకరణాల ప్రదర్శనను ప్రారంభిస్తూ ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగం)

 

75 సంవత్సరాలుగా పరభాషా ప్రాంతంలో తెలుగున పాఠం చెబుతున్న ఈ బడిలో ఇందరు పిల్లలు తమ చేతులతో చేసిన ఉపకరణాలను చూచి సంతోషించాను. ఈ సందర్భంలో, తరగతి గదికి వెలుపల ఉన్న ఒక బోధనోపకరణాన్ని గురించి ముచ్చటిస్తాను. అది విమానం బయలుదేరే ముందు ప్రయాణికులకు చూపే భద్రతా చిత్రం.

ఆ పాఠం చిన్నది. సీటు బెల్టు బిగించుకోవాలి. ఆక్సిజన్ మాస్కు ముందు తాను ధరించి, పిదప పక్కవారికి సాయపడాలి. లైఫ్ జాకెట్‌లో గాలిని విమానం వెలుపలికి వచ్చాకనే నింపాలి. అత్యవసర ద్వారాలు ఎక్కడున్నవో గుర్తుంచుకోవాలి. పలుమార్లు విన్నవారు దీనిని చెవిన పెట్టరు. అందుచేతనే కొన్ని విమాన సంస్థలు సినిమా కళాదర్శకుల నేర్పును ఆశ్రయించాయి.

2012లో ఎయిర్ న్యూజిలాండ్ సంస్థ వేటా వర్క్‌షాప్ కళాకారుల తోడ్పాటుతో ‘హాబిట్’ సినిమా లోకాన్ని విమానంలోనికి తెచ్చింది. మాంత్రికులు, మరుగుజ్జులు ప్రయాణికులై కూర్చున్నారు. వేషాలు వింతవే, సీటు, బెల్టు మాత్రం మనం వాడేవే. అక్కడ ఉన్నది కళాదర్శకుని వివేకం. నేర్పవలసిన వస్తువును మార్చక, దాని చుట్టూ ఉన్న లోకాన్ని మార్చాడు.

2024లో ఎయిర్ ఇండియా ‘సేఫ్టీ ముద్రాస్’ చిత్రాన్ని విడుదల చేసింది. భరత్‌బాల దర్శకులు, శంకర్ మహదేవన్ సంగీతం కూర్చారు. భరతనాట్యం, ఒడిస్సీ, కథాకళి, మోహినీయాట్టం, కథక్, బిహు, ఘూమర్, గిద్దా అనే 8 నృత్యరీతులలో ఒక్కొక్కటి ఒక్కొక్క సూచనను అభినయిస్తుంది. మన కూచిపూడి అందులో లేదన్న వెలితి నాకు కలిగిన మాట నిజమే. అయినా ఆలోచన మెచ్చదగినది. హస్తముద్రకు అర్థం చెప్పడమే పని. భాష తెలియని వారికి సైతం చేయి చెప్పగలదు. కాని చూపు ఆభరణాల మీదనే నిలిచిపోతే పాఠం జారిపోతుంది. ఆ ప్రమాదం ప్రతి అందమైన ఉపకరణానికీ ఉన్నది.

ఆడంబరం లేని మార్గమూ కలదు. జపాన్ ఎయిర్‌లైన్స్ తన చిత్రంలో, సామాను పట్టుకొని దిగబోతే కలిగే అనర్థాన్ని బొమ్మలతో సూటిగా చూపింది. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో ఆ సంస్థ విమానం మరొక విమానాన్ని ఢీకొని మంటలలో చిక్కుకున్నది. లోపలి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ ఘనత సిబ్బంది శిక్షణది, ప్రయాణికుల క్రమశిక్షణది. ఇటువంటి ఘడియ కోసమే ఆ చిన్న పాఠం.

ఉపాధ్యాయ మిత్రులారా, ఇది విమానాల ముచ్చట మాత్రమే కాదు. 2004 జులై 16న కుంభకోణంలో ఒక పాఠశాల అగ్నికి ఆహుతై 94 మంది పసివారు కన్నుమూశారు. ఆ తేదీని ఏ బడీ మరువరాదు.

కనుక నా విన్నపం ఒక్కటి. ఈ సాయంత్రం నాటకానికి తెర తీసే ముందు, మన పిల్లలు ఈ మందిరపు ద్వారాలను, మెట్ల దారిని కూచిపూడి అభినయంతో, చక్కని తెలుగు మాటతో సభకు చూపాలి. వేషం ఎంత అందంగానైనా వేయండి. చూపిన ద్వారం మాత్రం నిజమైనదై ఉండాలి. దాని గడియ తీసి ఉండాలి.

సెలవు.