ఖాళీ తూటా బయటపడనప్పుడు: పాత సెమీ ఆటోమేటిక్ వేట రైఫిళ్ల సంగతి

సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క గుండే వెళుతుంది. కానీ ఆ ఒక్క నొక్కుకే లోపల అయిదు పనులు వరుసగా జరిగిపోతాయి. మందు మండి గుండు గొట్టం దాటుతుంది. తూటా కూర్చునే ఛాంబర్‌ను మూసి ఉన్న బోల్ట్ వెనక్కి కదులుతుంది. దాని ముఖాన ఉన్న కొక్కెం ఖాళీ తూటా అంచును పట్టి బయటికి లాగుతుంది. ఎజెక్టర్ ఆ ఖాళీ తూటాను తన్ని పక్కకు విసురుతుంది. చివరికి బోల్ట్ స్ప్రింగు బలంతో ముందుకొస్తూ మ్యాగజైన్‌లోని కొత్త తూటాను ఛాంబర్‌లోకి తోస్తుంది. ఇదంతా రెప్పపాటులోపే అయిపోతుంది. రైఫిల్ పాతబడ్డాక తరచుగా మొరాయించేవి మధ్యలోని రెండు పనులు: లాగడం, విసరడం. లాగే కొక్కెం పేరు ఎక్స్‌ట్రాక్టర్. విసిరేది ఎజెక్టర్. ఈ రెండింటినీ ఒకటిగా చూసినందువల్లే చాలా మరమ్మతులు దారి తప్పుతాయి.

ఈ మొరాయింపులో నేల పాత్ర కూడా ఉంది. ఖమ్మం వైపు చండ్రుగొండ ప్రాంతం, అంటే కనకగిరి గుట్టల నుంచి కిన్నెరసాని వైపు సాగే అడవి, 1948 దాకా నిజాం రాజ్యంలో ఉండేది. ఆ రోజుల్లో దొరలు, జాగీర్దార్లు వేటకు ఎక్కువగా వాడినవి జంట గొట్టాల రైఫిళ్లు, బోల్ట్ చేత్తో లాగే రైఫిళ్లు. వాటితో పోలిస్తే తనంతట తాను తూటా ఎక్కించుకునే రైఫిల్ అరుదు. అయినా ఈ నేల మీద పాత రైఫిల్ దేనికైనా శత్రువు ఒక్కటే, తడి. మృగశిర కార్తె మొదలు నెలల తరబడి గాలిలో ఉండే చెమ్మ, సరిగా తుడవని ఛాంబర్‌లో తుప్పు పుట్టిస్తుంది. ఖాళీ తూటా ఇరుక్కోవడానికి మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణ దాదాపు పూర్తిగా ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఇలాంటి రైఫిల్ ఉంటే అది వారసత్వంగా వచ్చిన లైసెన్సు ఆయుధంగానో, మ్యూజియం వస్తువుగానో ఉండాలి.

పాత రైఫిల్ దేని బలంతో నడుస్తుందో తెలిస్తేనే లోపం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఈ రకం వేట రైఫిళ్లు ప్రధానంగా మూడు పద్ధతుల్లో వచ్చాయి.

మొదటిది జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పద్ధతి. 1900లో పేటెంటు పొందిన ఆ రైఫిల్‌ను రెమింగ్టన్ సంస్థ 1906లో అమ్మకానికి తెచ్చి, 1911 నుంచి మోడల్ 8 అని పిలిచింది. 1936లో దాని స్థానంలో మోడల్ 81 వచ్చింది. ఇందులో పేల్చగానే గొట్టం, బోల్ట్ రెండూ ఒకదానికొకటి తాళం వేసుకునే వెనక్కి వెళతాయి. వెనుక బోల్ట్ ఆగుతుంది, గొట్టం మాత్రం ముందుకు జారుతుంది. అలా జారుతూ తన ఛాంబర్‌ను ఖాళీ తూటా మీద నుంచి ఒలిచేస్తుంది. తూటా కొక్కెంలో నిలుస్తుంది, ఎజెక్టర్ దాన్ని విసిరేస్తుంది. చాలా చక్కటి ఆలోచన ఇది. కాకపోతే గొట్టం బయటి తొడుగు లోపల స్వేచ్ఛగా కదలాలి. దశాబ్దాల నాటి నూనె గట్టిపడి బంకగా మారితే, తుప్పు పడితే, స్ప్రింగులు కుంగితే గొట్టం పూర్తి దూరం వెనక్కి పోదు. తొడుగు తుడిచి, స్ప్రింగులు చూసి, పల్చని నూనె వేస్తే చాలాసార్లు పని చక్కబడుతుంది. తూటా అంచును పట్టి ఉంచే కొక్కెం మీద దృష్టి పెట్టడం అంతకు తర్వాతి సంగతి.

రెండోది టి. సి. జాన్సన్ రూపొందించిన వించెస్టర్ రకాలు: 1905, 1907, 1910 నమూనాలు. వీటిలో బోల్ట్‌కు తాళమే లేదు. దాని బరువే కాసేపు ఆపి ఉంచుతుంది. మందు ఆవిరి ఖాళీ తూటాను వెనక్కి తోస్తే, తూటాయే బోల్ట్‌ను తోస్తుంది. అందుకే ఇక్కడ కొక్కెం కన్నా ఛాంబర్ గోడ నునుపే ముఖ్యం. గోడ గరుకుగా ఉంటే తూటా కదలదు, నూనె తడి మిగిలితే బోల్ట్ మోతాదుకు మించి వేగంగా వెనక్కి వస్తుంది. వెనుక అదురును తట్టుకునే ఫైబర్ ముక్క ఎండి పొడిగా రాలిపోవడం ఈ రైఫిళ్లలో మామూలు. దాన్ని మార్చకుండా పేల్చుతూ పోతే లోహానికి లోహం తగిలి బోల్ట్ కదిలే లోహపు పెట్టె, అంటే రిసీవర్, దెబ్బతింటుంది.

మూడోది మందు ఆవిరిలో కొంత భాగాన్ని గొట్టం నుంచి చిన్న రంధ్రం గుండా తీసుకుని బోల్ట్‌ను నెట్టే పద్ధతి. రెమింగ్టన్ 740 (1955), దాని వారసుడు 742 (1960 నుంచి 1980 దాకా) ఈ కోవవి. రంధ్రం మసితో మూసుకుంటే బోల్ట్‌కు బలం చాలదు, ఖాళీ తూటా సగంలో ఆగిపోతుంది. 742లో మరో పేరుమోసిన జబ్బు ఉంది. వాడగా వాడగా రిసీవర్ లోపల బోల్ట్ జారే పట్టాలు గీతలు పడి అరుగుతాయి. వాటిని మార్చడానికి కుదరదు, ఎందుకంటే అవి రిసీవర్‌లో భాగం. ఎన్ని కొత్త స్ప్రింగులు వేసినా ఆ రైఫిల్ నమ్మకంగా పనిచేయదు.

ఇక లోపం పట్టుకోవడం. ముందు గొట్టాన్ని ప్రమాదం లేని దిక్కుకు తిప్పి ఉంచాలి, మ్యాగజైన్ ఖాళీ చేయాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. తూటా పేలనప్పుడు కనీసం అర నిమిషం ఆగాలి, పాత తూటాలు ఆలస్యంగా పేలవచ్చు. ఛాంబర్‌లో చిక్కుకున్నది ఖాళీ తూటానో, నిండు తూటానో తేలేదాకా ముందు నుంచి కడ్డీ దూర్చి కొట్టకూడదు. ఖాళీదని నిర్ధారణ అయ్యాక ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టవచ్చు.

తర్వాత స్ప్రింగుల జోలికి వెళ్లే ముందు ఖాళీ తూటానే చదవాలి. అంచు చిరిగి, తూటా ఛాంబర్‌లోనే ఉండిపోతే కొక్కెం తన పని చేసింది, ఛాంబర్ వదలలేదు. గోడకు గుంటలు ఉన్నాయి లేదా మసి పేరుకుంది. పేలేటప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ గుంటల్లోకి దిగి పట్టుకుంటుంది. అంచు చెక్కుచెదరకుండా తూటా అక్కడే ఉంటే తప్పు కొక్కెంది: కొన అరిగింది, దాని కింద మసి చేరింది, లేదా దాని స్ప్రింగు అలసింది. తూటా బయటికొచ్చి, పడిపోకుండా ఖాళీ తూటా బయటపడే కిటికీలో నిలువుగా ఇరుక్కుంటే ఎజెక్టర్ బలహీనం, లేదా బోల్ట్ పూర్తి దూరం వెనక్కి పోలేదు. ఎజెక్టర్ మూలన ఉండే ఇత్తడి పొట్టు కూడా స్ప్రింగును బిగించేస్తుంది. చిన్న కడ్డీతో ఎజెక్టర్‌ను నొక్కి వదిలితే అది చురుగ్గా వెనక్కి లేవాలి. ఖాళీ తూటా మామూలుకన్నా చాలా దూరం ఎగిరిపడితే బోల్ట్ వేగం పెరిగినట్టు. బోల్ట్‌ను ముందుకు తెచ్చే రికాయిల్ స్ప్రింగు అలసిందనో, తూటా మోతాదు ఎక్కువైందనో అనుమానించాలి.

తూటా వయసు చాలా లోపాలకు మూలం. తడికి మందు బలం తగ్గుతుంది, అప్పుడు రైఫిల్‌లో ఏ లోపం లేకున్నా బోల్ట్ సగంలో ఆగుతుంది. అందుకే విప్పడానికి ముందే కొత్త తూటాలతో పరీక్షించడం తెలివైన పని. ఇంకోటి, 1920ల దాకా, సైనిక తూటాల్లో ఆ తర్వాత కూడా, మందును రగిలించే ప్రైమర్లలో ఉప్పు మిగిల్చే రసాయనాలు వాడేవారు. ఆ ఉప్పు చెమ్మను లాగి ఛాంబర్‌ను తినేస్తుంది. నూనె దాన్ని కరిగించదు. వేడినీటితో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి. గుంటలు లోతుగా పడ్డాక ఏ శుభ్రతా పాత నునుపును తేలేదు. ఛాంబర్‌ను ఆకురాయితో పెంచబోతే కొలత తప్పి ప్రమాదకరంగా మారుతుంది.

మరమ్మతు ఎవరు చేయాలన్నదీ చట్టంలోనే ఉంది. 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతుకు లైసెన్సు ఉండాలి. 2016 నియమాలు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను మామూలు లైసెన్సుకు అందని కఠిన శ్రేణిలో పెట్టాయి. ఊరి కమ్మరి దగ్గర కొక్కెం సాన పట్టించడం తగదు, లైసెన్సు లేకుంటే అది నేరం కూడా. యజమాని చేయగలిగింది తుడవడం, నూనె వేయడం, లక్షణాలు రాసిపెట్టడం. ఆ రాత లైసెన్సున్న మెకానిక్‌కు సగం పని తగ్గిస్తుంది.

బాగుచేశాక పరీక్ష అనుమతి ఉన్న రేంజ్‌లోనే జరగాలి. మొదట మ్యాగజైన్‌లో ఒక్క తూటా, అది సవ్యంగా బయటపడితే రెండు, ఆ తర్వాత నిండా. ఖాళీ తూటాలు పడ్డ చోట్లు చూడాలి. అన్నీ ఒకే వైపు, ఇంచుమించు ఒకే దూరంలో పడుతూ, అంచు మీద కొక్కెం గుర్తు పలుచగా కనిపిస్తుంటే ఆ మరమ్మతు పూర్తయినట్టే.