పత్తి చేలో లేచిన ఊరు



అమెరికాలో డెల్ వెబ్ అనే ఆయన వడ్రంగిగా మొదలై పెద్ద కాంట్రాక్టరయ్యాడు. 1942లో జపాన్ సంతతి వారిని నిర్బంధించిన పోస్టన్ శిబిరం కట్టిందీ ఆయన కంపెనీయే. 1960 జనవరి 1న అరిజోనాలో, రిటైరైన వాళ్ళ కోసం సన్ సిటీ అనే ఊరు తెరిచాడు. గోల్ఫ్ మైదానం, ఈతకొలను అన్నీ ఉన్నాయి.

ఆ ఊరు లేచింది పత్తి చేలో. నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో మనం వేసేదీ పత్తే గనక ఈ కథ మనకు కావాలి. ఆ భూమి బాస్వెల్ అనే పెద్ద వ్యవసాయ కంపెనీది. అది భూమి అప్పగించి తప్పుకోలేదు, వెబ్‌తో వాటా కలిపింది. ఇళ్ళు అమ్ముడుపోయే కొద్దీ దానికీ రాబడే. చేలో పత్తి తీసిన కూలీలు ఆ వాటాలో లేరు.

మన హైవే పక్కన ఎకరాల లెక్కన కొని గజాల లెక్కన అమ్ముతున్నారు. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు పోగా మిగిలింది లెక్క వేసి చూడండి. పట్టాదారుకు ఒక్కసారి డబ్బు ముడుతుంది. కౌలుదారుకు అదీ లేదు, హద్దురాళ్ళు పాతాకే ఆయనకు సంగతి తెలుస్తుంది. అందుకే బేరానికి ముందే సంఘానికి చెప్పండి. చేలో ఉన్న పంట తీసుకునే గడువు, కౌలుదారుకు పరిహారం ఒప్పందంలోనే రాయించుదాం.