శుభలేఖయు, పిలుపును



శుభలేఖ నాలుగు మూలల పసుపు పూసి, తొలిలేఖను ఇలవేల్పు ముందుంచి, బంధువుల యింటికి పోయి బొట్టు పెట్టి పిలుచుట మన యాచారము. 2009లో వాట్సాప్ పుట్టిన పిదప ఆ లేఖ క్రమముగా సెల్‌ఫోనునకు చేరినది. కాగితమును, తపాలా ఖర్చును మిగులును. సముద్రములకావల నున్న మేనమామకు క్షణములో నందును. ఇది మేలే.

కాని ‘మేము స్వయముగా వచ్చి పిలిచినట్లే భావింపుడు’ అని నూర్గురకు ఒక్కమాఱే పంపినచో ఎవరిని పిలిచినట్లు? సెల్‌ఫోను వాడుట యెఱుగని మేనత్త మాట యేమి? ఆమె రాకున్న వధూవరులకు హారతి యెవరు పట్టుదురు?

లేఖను ఏ రీతిగా పంపినను దోషము లేదు. పంపిన పిదప పేరుపేరున మాటలాడుడు. ఊరనున్న పెద్దల గడప త్రొక్కుడు. లేఖ ముహూర్తమును తెలుపును, పిలువవలసినది మనుష్యుడే.